ఎండ కబురు అయిదు రోజులు, పిడుగు కబురు అరగంట

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అంతకు ముందు ఏడాది మే నెల మొత్తం కలిపినా లెక్క 30 వేల దగ్గరే ఆగింది. నెలంతటి పిడుగులు ఒక్క పూటలో పడ్డాయన్నమాట.

అవి దాళ్వా వరి కోతల రోజులు. ఏప్రిల్, మే నెలల్లో గోదావరి జిల్లాల్లోని మండపేట చుట్టుపక్కల చేలల్లో కోత మిషన్లు తిరుగుతుంటాయి, రోడ్ల వెంట ధాన్యం ఆరుతుంటుంది. రైతు, కూలీ, జట్టు కార్మికులు అందరూ ఆరుబయటే ఉంటారు. వాతావరణ హెచ్చరికతో ఎక్కువ అవసరం వీళ్లకే. అయితే ఏ హెచ్చరిక ఎంత ముందు వస్తుందో తెలిస్తేనే దాన్ని వాడుకోగలం.

దేశమంతా గడులే

1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ 32.87 లక్షల చదరపు కిలోమీటర్ల దేశాన్ని కాచుకోవాలి. పంజాబ్ గోధుమ చేలపై వడగళ్లు, బెంగాల్‌లో కాలబైశాఖి గాలివానలు, తెలుగు నేలపై వడగాడ్పు ఒకే కాలంలో విరుచుకుపడతాయి.

అంచనా కోసం దేశాన్ని గడులుగా విడదీసి, గడిగడికీ గాలి, తేమ, వేడి లెక్కకడతారు. 12 కిలోమీటర్ల గడులైతే దేశానికి సుమారు 23 వేలు చాలు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లే కాబట్టి ఆ సంఖ్య 91 వేలు దాటింది. ఈ పనికి పుణేలో పెట్టిన 'అర్క' సూపర్ కంప్యూటర్ సామర్థ్యం 11.77 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు దాదాపు 118 కోట్ల కోట్ల లెక్కలు.

అంత చేసినా ఉరుముల మేఘం ఈ గడులకు సరిగా చిక్కదు. దాని వెడల్పు పది కిలోమీటర్లు ఉంటే రెండు గడులకు మించదు. చాలాసార్లు గంటలోపే పుట్టి, కురిసి, చెదిరిపోతుంది. 'రేపు సాయంత్రం ఈ జిల్లాలో పిడుగులు పడే అవకాశం ఉంది' అని ముందు రోజు చెప్పగలరు. ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు అన్నది చెప్పలేరు.

40, 37, 45

ఎండ సంగతి వేరు. వడగాడ్పు వందల కిలోమీటర్ల మేర, రోజుల తరబడి ఉంటుంది కనుక అయిదు రోజుల ముందే పసిగట్టవచ్చు. గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానంలో కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పుగా ప్రకటిస్తారు. ఆ తేడా 6.4 దాటితే తీవ్ర వడగాడ్పు. 45 డిగ్రీలు తాకితే మామూలుతో పనే లేదు, అది వడగాడ్పే.

2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా ఎండకు బలయ్యారు. ఇప్పుడు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా జాబితా ఇస్తోంది. మన మండలం పేరు అందులో ఉంటే పనివేళలు మార్చుకోవడానికి ఒక రాత్రి చేతిలో ఉన్నట్టే.

మే నెల తుఫానూ రోజుల ముందే కనిపిస్తుంది, కానీ దారి తప్పవచ్చు. తీరానికి దూరంగా మళ్లిపోతుందనుకున్న అసని 2022 మే 11న మచిలీపట్నం, నరసాపురం మధ్య ఒడ్డెక్కింది. అందుకే తుఫాను రోజుల్లో నిన్నటి బులెటిన్ ఇవాళ పనికిరాదు.

115 కిలోమీటర్ల దూరం నుంచి

పుట్టిన మేఘాన్ని పట్టేది డాప్లర్ రాడార్. మండపేటకు మచిలీపట్నం రాడార్ సుమారు 115 కిలోమీటర్లు, విశాఖ రాడార్ అంతకంటే దూరం. భూమి గుండ్రం కాబట్టి, అర డిగ్రీ వంపుతో బయల్దేరిన మచిలీపట్నం కిరణం మండపేట చేరేసరికి దాదాపు 1.8 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మేఘం కడుపులో వాన కనిపిస్తుంది కానీ, కొబ్బరి మొవ్వులు విరిచే ఈదురుగాలి దాని కంటికి ఆనదు.

రాడార్, ఉపగ్రహం, పిడుగు సెన్సర్లు చూసి వచ్చే మూడు గంటలకు జిల్లా హెచ్చరిక ఇస్తారు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన 'దామిని' యాప్ మనకు 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. మేఘం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, 20 కిలోమీటర్లంటే అరగంట.

17 శాతం

మద్దతు ధరకు ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. మిషన్ కోసిన ధాన్యంలో అంతకంటే ఎక్కువే ఉంటుంది, అందుకే ఆరబోత తప్పదు. 2023 మే మొదట్లో కురిసిన అకాల వర్షాలకు గోదావరి జిల్లాల్లో కళ్లాల మీది ధాన్యం తడిసి, రంగు మారింది, మొలకెత్తింది.

కాబట్టి అయిదు రోజుల అంచనా చూసి కోత మిషన్ మాట్లాడుకోండి. ముందు రోజు ఆరెంజ్ హెచ్చరిక వస్తే బరకాలు కళ్లానికి చేర్చండి. మూడు గంటల హెచ్చరిక రాగానే ధాన్యం కుప్ప చేసి కప్పేయండి. దామిని మోగితే మాత్రం బరకం సగంలో ఉన్నా వదిలేసి పక్కా ఇంట్లోకి వెళ్లండి. చెట్టు కింద, ముఖ్యంగా కొబ్బరి చెట్టు కింద నిలబడొద్దు.

ఫోన్ లేకపోతే మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపే ఉరిమితే ప్రమాదం నెత్తి మీదకు వచ్చినట్టే. చివరి ఉరుము తర్వాత ముప్ఫై నిమిషాల దాకా బయటికి రావొద్దు.

2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. కంప్యూటర్ ఎంత పెద్దదైనా ఆ చివరి అరగంట కబురు కళ్లం దాకా వెళ్లాలి. స్మార్ట్ ఫోన్ లేని కూలీకి కూడా వినిపించేలా ప్రతి పంచాయతీ మైకులో చెప్పించాలి. పనిలోకి పిలిచిన ప్రతి రైతూ, ప్రతి మిల్లు యజమానీ ఒక మనిషిని ఆ కబురు చూడటానికే పెట్టాలి. తడిసిన ధాన్యానికి పరిహారం అడగవచ్చు, పోయిన మనిషిని అడగలేం.