మందు కంటే ముందు పరీక్ష



మన సొసైటీకి ప్రతి సంవత్సరం వచ్చే సహాయ దరఖాస్తుల్లో క్యాన్సర్ రోగులవి ఎప్పుడూ ఉంటాయి. వాటిని పరిశీలించే కమిటీలో మేము కొన్నేళ్లుగా ఉన్నాం. మేము ఉపాధ్యాయులమే తప్ప వైద్యులం కాము. అయినా మీరిచ్చే ప్రతి రూపాయి మా చేతిలో అమానత్. అది ఎక్కడ సార్థకమవుతుందో, ఎక్కడ వృథా అవుతుందో తెలుసుకోవాలని చదివిన సంగతులు నాలుగు ఇక్కడ చెబుతున్నాం.

ముందు మా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా పాత విద్యార్థి ఒకడు తన తల్లి ఆసుపత్రి కాగితాలతో వచ్చాడు. ఆమె బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి. వాడలో అందరికీ ఖాలా. పొగతాగే అలవాటు ఏనాడూ లేని ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. గడ్డ నుంచి తీసిన ముక్కకు జన్యు పరీక్ష చేయించమని డాక్టరు రాశారు. మందుల బిల్లులకే తప్ప పరీక్షలకు డబ్బు ఇవ్వకూడదన్నది అప్పటి మా నియమం. "సార్, ఈ పరీక్ష అయితేనే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుందట" అని ఆ అబ్బాయి రెండుసార్లు అడిగాడు. నియమం నియమమే అన్నాం.

గాజులు అమ్మి ఆ పరీక్ష చేయించేసరికి ఆరు వారాలు గడిచాయి. ఈలోగా ఇచ్చిన కీమోథెరపీకి ఆమె మంచం పట్టారు. చివరికి ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు ఉందని తేలింది. దానికి తగిన మాత్ర రోజుకొకటి మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఆమె లేచి మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చున్నారు.

గంట మోగుతూనే ఉంటే

మన ఒంట్లో కణాలు వాటంతట అవి పెరగవు. పెరగమని కబురు రావాలి. ఆ కబురు మోసేవి ప్రొటీన్లు. బడితో పోల్చి చెబుతాం. కణం పైపొర మీద ఉండే ఇ.జి.ఎఫ్.ఆర్. ప్రొటీను గేటు దగ్గరి గంట లాంటిది. గంట మోగగానే జి.ఆర్.బి.2 అనే మరో ప్రొటీను అటెండరులా దాని దగ్గరికి చేరుతుంది. కబురు అక్కడి నుంచి రాస్ అనే ప్రొటీనుకు, ఆపైన కణం లోపలికి అందుతుంది. అప్పుడు కణం రెండుగా చీలుతుంది. మామూలుగా పని కాగానే గంట ఆగిపోతుంది. కొన్ని క్యాన్సర్లలో అది ఆగదు. కణాలు చీలుతూనే ఉంటాయి, గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

మామూలు కీమోథెరపీ వేగంగా చీలే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది. జుట్టు రాలడం, నోరు పుండ్లు పడటం అందుకే. అలా కాకుండా ఏ గంట మోగుతోందో ఆ గంటనే పట్టి ఆపే మందులు వచ్చాయి. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 ప్రొటీను మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్‌కు 1998లో, ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి లభించింది.

అయితే ఈ మందులు అందరికీ కావు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 100 మందిలో హెర్2 అధికంగా ఉండేది సుమారు 15 నుంచి 20 మందికే. మిగిలినవారికి ట్రాస్టుజుమాబ్ ఇస్తే డబ్బు పోవడంతో ఆగదు, కొందరికి గుండె కూడా బలహీనపడవచ్చు. పెద్దపేగు క్యాన్సర్‌లో మరో చిక్కు ఉంది. రాస్‌లోనే మార్పు వచ్చి అది తనంతట తానే కేకలు వేస్తుంటే, గేటు దగ్గర గంటను పట్టుకున్నా ఫలితం లేదు. అందుకే అక్కడ సెటుక్సిమాబ్ ఇచ్చే ముందు రాస్ పరీక్ష చేస్తారు.

హాజరు పట్టీ చాలదు

జన్యు పరీక్ష హాజరు పట్టీ లాంటిది. తరగతిలో ఎవరున్నారో, ఎవరి పేరు మారిందో చెబుతుంది. కానీ ఏ ఇద్దరు చేతులు కలిపి అల్లరి చేస్తున్నారో పట్టీలో కనిపించదు. అది తెలియాలంటే తరగతిలోకి వెళ్లి చూడాలి. గడ్డలో ఏ ప్రొటీను ఏ ప్రొటీనుతో జతకట్టి ఉందో చూసే పరీక్షలు ఇందుకోసమే వచ్చాయి.

వాటిలో ఒకటి స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో పుట్టింది. దాని కిటుకు ఇది. రెండు ప్రొటీన్లకు రెండు వేర్వేరు యాంటీబాడీలను అంటిస్తారు. ఒక్కో యాంటీబాడీకి ఒక చిన్న డి.ఎన్.ఏ. పోగు తోకలా ఉంటుంది. రెండు ప్రొటీన్లూ పక్కపక్కనే ఉంటేనే ఆ పోగులు ఒకదానినొకటి అందుకోగలవు. ఆ దూరం ఎంతంటే, ఒక మిల్లీమీటరును 25 వేల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. పోగులు కలిసిన చోట ఆ డి.ఎన్.ఏ.ను అనేక రెట్లు పెంచి రంగు అద్దుతారు. సూక్ష్మదర్శినిలో మెరిసే చుక్క కనిపిస్తుంది. చుక్కలు ఎక్కువుంటే జతలు ఎక్కువున్నట్లు.

అమెరికాలో ఫ్లోరిడాలోని మాఫిట్ క్యాన్సర్ కేంద్రం శాస్త్రజ్ఞులు ఈ పద్ధతితో ఊపిరితిత్తుల గడ్డల్లో ఇ.జి.ఎఫ్.ఆర్., జి.ఆర్.బి.2 జతలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. జన్యువులో మార్పు ఉన్నవారిలోనే కాక, లేని కొందరిలో కూడా ఈ జతలు కనిపించాయి. రోగుల గడ్డలను ఎలుకల్లో పెంచి సెటుక్సిమాబ్ ఇచ్చినప్పుడు, జతలు ఎక్కువున్న గడ్డలు ఎక్కువగా తగ్గాయి. అంటే హాజరు పట్టీకి అందని సంగతి ఈ చుక్కలు చెప్పగలవన్నమాట. దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు కూడా ప్రొటీన్ల జతలను ఒక్కొక్క అణువు చొప్పున లెక్కించే మరో పద్ధతిని 2018లో ప్రచురించారు.

ఇంకొక అవసరం కూడా ఉంది. ఖాలాకు ఆ మాత్ర ఏడాది దాటి పనిచేసింది. తర్వాత గడ్డ మళ్లీ పెరిగింది. ఒక దారి మూస్తే క్యాన్సర్ పక్కదారి వెతుక్కోవడం ఈ మందులతో తరచు జరిగేదే. ఆ పక్కదారి ఏదో కనిపెట్టడానికి ప్రొటీన్ల జత పరీక్షలు తోడ్పడతాయని శాస్త్రజ్ఞుల ఆశ. ఖాలా ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆమెకు స్వర్గంలో చోటు ప్రసాదించుగాక.

మనం చేయగలిగింది

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రొటీన్ల జత పరీక్షలు ఇంకా ప్రధానంగా పరిశోధన దశలోనే ఉన్నాయి. వాటి పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే, చికిత్స చేస్తున్న క్యాన్సర్ వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వవద్దు. కానీ హెర్2, ఇ.జి.ఎఫ్.ఆర్., రాస్ పరీక్షలు నేడు మన నగరాల్లో జరుగుతున్నవే. ఏది ఎవరికి అవసరమో వైద్యులే చెబుతారు.

రోగి కుటుంబాలకు కూడా ఒక విన్నపం. బయాప్సీలో తీసిన ముక్కను మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. ఆసుపత్రి మారినప్పుడు రిపోర్టుతో పాటు ఆ దిమ్మ గురించి కూడా అడిగి తీసుకోండి. చాలా పరీక్షలకు అదే ఆధారం.

వైద్యుడు రాసిన ఇటువంటి పరీక్షల బిల్లులకు కూడా ఇకపై సహాయం అందించాలని కమిటీలో ప్రతిపాదించాం. సరైన మందు చూపించినా, వద్దని ఆపినా పరీక్షకు పెట్టిన డబ్బు వృథా కాదు. ఆ వద్దన్న మందుకు మిగిలిన సొమ్ము మరో రోగికి చేరుతుంది.

ఆ అబ్బాయి ఇప్పుడు చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. నెలనెలా కొంత సొమ్ము తెచ్చి ఇస్తాడు. రసీదు మీద ఒక్క మాట రాయించుకుంటాడు: "పరీక్షల కోసం."