నెలసరి ఆగాక ఎముకలు పదిలమేనా? మంగళవారం ఆసుపత్రిలో ఇవి అడగండి

నెలసరి ఆగిపోయాక పొట్ట పెరిగింది, షుగర్ కాస్త హద్దు దాటింది. బరువు తగ్గాలని మీరో, మీ అమ్మో రాత్రి భోజనం మానేశారా? అలా చేస్తే కొవ్వుతో పాటు కండ, ఎముక కూడా తగ్గే ప్రమాదం ఉంది. మానేయడం కన్నా కంచంలో ఏముందో మార్చుకోవడం మేలు.

ఎందుకిలా జరుగుతుంది?

నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ హార్మోన్ బాగా పడిపోతుంది. దాంతో ఎముక అరిగే వేగం పెరుగుతుంది, కొత్త ఎముక తయారీ దాన్ని అందుకోలేదు. మొదటి 5 నుంచి 7 ఏళ్లలో కొందరికి 20 శాతం వరకు ఎముక సాంద్రత తగ్గొచ్చు. ఇదే సమయంలో పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. టైప్-2 షుగర్ ఉన్నవారికి స్కాన్‌లో సాంద్రత బాగానే కనిపించినా ఎముక విరిగే ముప్పు ఎక్కువే.

ఎంత కాల్షియం కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2020 సిఫార్సుల ప్రకారం ఈ దశలోని మహిళలకు రోజుకు 1,200 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. అదే 100 గ్రాముల రాగుల్లో (మన దగ్గర తైదలు) సుమారు 360 ఉంటుంది. రెండు గ్లాసుల పాలు లేదా పెరుగు, 100 గ్రాముల తైద పిండితో రొట్టెలు, రెండు చెంచాల నువ్వుల పొడి, గుప్పెడు మునగాకు తీసుకుంటే దాదాపు 1,100 అందుతుంది. మిగతాది పప్పు, కూరలతో సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త: రొట్టె అన్నానికి బదులుగా తినాలి, అన్నంతో పాటు కాదు. షుగర్ ఉంటే జావ కన్నా రొట్టె నయం. పప్పు, గుడ్డు తగ్గించొద్దు. రోజూ నడక, కాసేపు ఎండ అవసరం.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఏం దొరుకుతుంది?

తెలంగాణలో 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమం మొదలైంది. ఎంపిక చేసిన కేంద్రాల్లో ప్రతి మంగళవారం మహిళల కోసమే ఉచిత సేవలు అందించేలా దీన్ని రూపొందించారు. షుగర్, బీపీ, థైరాయిడ్, విటమిన్-డి, బీ12 పరీక్షలతో పాటు మెనోపాజ్ సమస్యలకు చికిత్స, కౌన్సెలింగ్ ఇందులో భాగం. గజ్వేల్‌లోనైనా, మరే ఊళ్లోనైనా మీకు దగ్గర్లోని కేంద్రం ఏదో ముందుగా ఆశా కార్యకర్తను అడిగి వెళ్లండి. ఆధార్, పాత రిపోర్టులు, వాడుతున్న మందులు వెంట తీసుకెళ్లండి.

డాక్టర్‌కు ఏం చెప్పాలి?

నెలసరి ఏ వయసులో ఆగింది, గర్భసంచి లేదా అండాశయాలు తీసేశారా, చిన్న దెబ్బకే ఎముక విరిగిందా, ఎత్తు తగ్గారా, వీపు వంగిందా, స్టెరాయిడ్ మందులు వాడారా? ఇవన్నీ దాచకుండా చెప్పండి. ఎముక సాంద్రత తెలిపే డెక్సా స్కాన్ అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. మీకు అవసరమా, ఎక్కడ చేయించుకోవాలి అన్నది అప్పుడే అడగండి. టీ-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువుంటే ఆస్టియోపోరోసిస్ అంటారు. దానికి మందులున్నాయి.

కాల్షియం మాత్రలు, హార్మోన్ మాత్రలు సొంతంగా కొని వాడొద్దు. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే మంగళవారం దాకా ఆగకండి, వెంటనే డాక్టర్‌ను కలవండి.