పడవ ట్రైలర్ మీదికి తిన్నగా ఎక్కాలంటే?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా కనిపించేది పులికాట్ సరస్సు. సముద్రంతో కలిసిన సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. ఇలాంటి చోట ఒడ్డున పడవను ట్రైలర్ మీదికి ఎక్కిస్తుంటే అది వంకరగా ఎందుకు పోతుంది?

తేలే పడవకు కింద పట్టు ఉండదు. కాస్త గాలి తగిలినా వెనక భాగం పక్కకు తిరుగుతుంది. ట్రైలర్‌ను మరీ లోతుకు దింపితే పడవ దాని పైన ఊగుతూనే ఉంటుంది. చాలీచాలకుండా దింపితే బరువంతా లాగాలి. అందుకే ముక్కు ట్రైలర్‌కు ఆనుతూ, వెనక భాగం ఇంకా తేలుతుండే లోతే సరైనది! అప్పుడు ముక్కుకు కట్టిన తాడు బిగిస్తూ, వెనక ఒకరు గాలికి ఎదురు పట్టాలి.

టబ్బులో కాగితం పడవ వదిలి, ముక్కును వేలితో పట్టుకుని, పక్క నుంచి ఊది చూడండి.