కాలేజీ ఊరిలో కాపురము

ఉద్యోగము విరమించిన పిదప మహానగరపు అద్దెలు భరింపలేక, శేషజీవితము గడపుటకు చిన్న ఊరి నొకదానిని వెదకుకొను కుటుంబములు నేడు తెలుగునాట తక్కువగా లేవు. వారిలో పలువురి చూపు కాలేజి గల ఊళ్ళపై నిలుచుచున్నది. గ్రంథాలయము, వైద్యుడు, రైలు, సాయంకాలమున నాలుగు మాటలాడదగిన మనుష్యులు, ఇవన్నియు నగరపు వెల చెల్లింపకయే లభించునని వారి ఆశ. మేమును ఆ ఆశతోనే హైదరాబాదు విడిచితిమి. ఆ ఆశలో నిజమెంతయో తెలిసికొనుటకు మాకు రెండు ఊళ్ళును, మూడేండ్ల కాలమును, రెండుమార్లు లారీ బాడుగయు ఖర్చయినవి.

మా మొదటి ఊరి పేరు చెప్పము. తప్పు ఊరిది కాదు, మాది. మేము ఇల్లు చూడబోయినది మే నెలలో. వీధి నిశ్శబ్దముగా నుండెను. వాకిట వేపచెట్టు, పంపు త్రిప్పగానే నీరు, మేడమీది వాటా ఖాళీ. చెప్పిన అద్దె మా పింఛనులో అయిదవ వంతునకు మించలేదు. మరునాడే అడ్వాన్సు ఇచ్చివేసితిమి. ఆగస్టులో కాలేజి తెరచిరి. మేడమీది మూడు గదులలో తొమ్మిదిమంది విద్యార్థులు దిగిరి. పిల్లలు చెడ్డవారు కారు, ఎదురైనప్పుడెల్లను నమస్కరించెడివారు. కాని తొమ్మిదిమంది స్నానములకు చాలు నీరు ఆ బోరులో లేదు. ఏడాది తిరుగునప్పటికి ఇంటి యజమాని మా వాటాను గూడ తలకింత యని లెక్కవేసి చూచి, ఇద్దరు ముసలివారు ఆక్రమించిన చోట ఆరుగురు పిల్లలు పట్టుదురని గ్రహించెను. అతని లెక్కలో పొరపాటు లేదు. ఇల్లు ఖాళీ చేయవలసివచ్చినది. అప్పటికి మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పి ముదిరి, మెట్లెక్కుట కష్టమయ్యెను. ఈ వయసున మరల ఒక ఊరు, మరల ఒక పాలవాడు, మరల ఒక వైద్యునికి మొదటినుండి చెప్పుకొనుట యనిన ఎంత బెంగ కలుగునో అనుభవించినవారికే తెలియును.

ఆనాటినుండి ఏ ఊరు చూడబోయినను మేము మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ కాలేజీ పిల్లలు రాత్రి ఎక్కడ నిద్రింతురు? కాలేజి ఊళ్ళలో ఇంటి వెలను ఇంటి కొలతకంటె ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమే ఎక్కువగా నిర్ణయించును.

బాసరను చూడుడు. అచ్చట 2008లో నెలకొల్పిన రాజీవ్ గాంధి సాంకేతిక విజ్ఞాన విశ్వవిద్యాలయమున పదవ తరగతి ముగించిన పిల్లలు చేరి, ఆరేండ్లు అచ్చటనే చదివెదరు. వసతియు భోజనమును ఆవరణలోనే. నూజివీడు, ఇడుపులపాయలలోని విద్యాలయములదియు ఇదే ఏర్పాటు. వేలకొలది విద్యార్థులున్నను వారు ఊరిలోని గదులకు పోటీపడరు. అయితే వారు ఊరి బజారులో కూరలును కొనరు, సాయంకాలపు వీధికి సందడియు తీసికొనిరారు. ఊరును కాలేజియు ఇరుగుపొరుగు లగునేగాని ఒక్కటి కావు. మరికొన్ని ఊళ్ళ కాలేజీలకు పిల్లలు నలుబది యేబది కిలోమీటర్ల నుండి కాలేజి బస్సులలో వచ్చి, అయిదు గంటలకు వెడలిపోవుదురు. అట్టి ఊరిలో కాలేజి పేరు పెద్దదైనను అద్దెలు పల్లెటూరి అద్దెలే. మూడవది మా మొదటి ఊరి మాదిరి: హాస్టళ్ళు చాలక పిల్లలు ఇండ్లలో గదులు తీసికొను ఊరు. అచ్చట చిన్న కుటుంబము విద్యార్థుల గుంపుతో వేలము పాడవలసియుండును.

ఇక తిరుపతి వంటి ఊరి సంగతి వేరు. అచ్చట శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో స్థాపితమైనది గాని, ఇంటి వెలను పెంచునది విద్యార్థులు మాత్రమే కారు, కొండకు వచ్చు యాత్రికులును. దానిని చిన్న ఊరని ఎంచుట చాలకాలము క్రిందటి మాట.

ఈ ప్రశ్నను ఇల్లు చూపు మధ్యవర్తిని అడుగుట వ్యర్థము. మెస్సు నడుపువారిని అడుగవలెను. పూటకు ఎందరికి వండుచున్నారో, వేసవిలో ఎన్నాళ్ళు మూయుదురో వారు దాపరికము లేక చెప్పుదురు. ఊరిని ఒకమారు మే నెలలోను, ఒకమారు కాలేజీలు తెరచిన నెల దాటిన తరువాతను చూడవలెను. మొదటిసారి నీరు తెలియును, రెండవసారి అద్దె తెలియును.

కాలేజి వయసును గూడ విచారించుట మంచిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఒక దశలో ఏడువందలకు పైగా ఇంజనీరింగు కాలేజీలు వెలసినవి. తరువాత పిల్లలు చేరక అనేకము మూతపడినవి. ఒకే కాలేజి ఆధారముగా పెరిగిన వీధి, ఆ కాలేజి మూతపడగానే మందుల దుకాణముతో సహా చిక్కిపోవును. భీమవరపు డి.ఎన్.ఆర్. కాలేజి వలె 1945 నాటినుండి నిలిచియున్నది వేరు, నిన్న మొన్న రహదారి ప్రక్కన లేచినది వేరు.

ఇచ్చట ఖర్చుల విషయమున ఒక మాట. చిన్న ఊరికి మారినంతనే అన్నియు చౌక యగునని మేము భ్రమించితిమి. అద్దె తగ్గినది, పాలు కూరగాయలు కొంత తగ్గినవి, ఆటో ఖర్చు దాదాపు పోయినది. కాని ఒక రాష్ట్రమున ఇంటి విద్యుత్తు దర నగరమునకొకటి, చిన్న ఊరికొకటి యుండదు. గ్యాసు బండ ఇంచుమించు అంతే. మందుల డబ్బాపై అచ్చువేసిన వెల ఎచ్చటనైనను అదే. కనుక ఖర్చులో అద్దె భాగము పెద్దదిగా గల కుటుంబమునకు మార్పు లాభించును. మందులకే సగము పింఛను పోవు కుటుంబమునకు అంతగా లాభింపదు, పైపెచ్చు ప్రయాణపు ఖర్చు చేరును. ఇంకను ఉద్యోగములో నున్నవారు మరియొకటి గమనింపవలెను. కేంద్ర ప్రభుత్వోద్యోగికి హైదరాబాదులో మూల వేతనముపై నూటికి 30 వంతున వచ్చు ఇంటి అద్దె భత్యము, చిన్న ఊరికి బదిలీ కోరుకొనినచో నూటికి 10 అగును. పింఛనుదారులకు ఆ భత్యమే లేదు గనుక ఆ చింతయు లేదు. అయితే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు వైద్యశాలలు కొన్ని నగరములందే యున్నవి. అవి లేనిచోట నివసించు పింఛనుదారునకు నెలకు వేయి రూపాయల వైద్య భత్యమిత్తురు. రక్తపోటు మాత్రలకు అది సరిపోవచ్చును, ఆసుపత్రిలో చేరవలసివచ్చిన చాలదు.

రెండవమారు మేము కుప్పమును, బాపట్లను చూచితిమి. కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము ఏర్పడినది, వైద్యకళాశాల ఆసుపత్రియు కలదు, బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లు. మూడు రాష్ట్రముల సరిహద్దు గనుక బజారులో మూడు భాషలు వినవచ్చును. పిల్లలు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నవారు దానిని తప్పక చూడదగును. మా బంధువర్గము కృష్ణా గుంటూరు ప్రాంతములందుండుటచే బాపట్లకు మొగ్గితిమి.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. ఇంజనీరింగు కళాశాల 1981లో వచ్చినది. ఊరు మదరాసు రైలుమార్గము మీదనే యున్నది, విజయవాడ సుమారు 75 కిలోమీటర్లు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు కావుననో ఏమో, అరుగుల మీద కూర్చుండి లోకాభిరామాయణము మాటలాడు అలవాటు ఇంకను మిగిలియున్నది. మాకది పెద్ద ఆకర్షణ యని ఒప్పుకొనుచున్నాము. కాని ఈసారి మేము అరుగులు చూచి మోసపోలేదు. నాలుగు వీధులలో నాలుగు ఇండ్ల తలుపు తట్టి మంచినీళ్ళడిగి త్రాగితిమి.

దానికి కారణము కలదు. సముద్రము సూర్యలంక వద్ద పదిలోపు కిలోమీటర్లు. ఈ ఇసుక నేలలందు వాననీరు ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిపై తేటగా తేలియుండును. లోతుగా బోరు దింపి బలముగా తోడినచో ఉప్పునీరు పైకి వచ్చును. అందుకే ఇచ్చటి రైతులు లోతులేని గుంటలు త్రవ్వి, దొరువులని పిలుచుకొని, పై నీటిని మాత్రము తోడుకొనెడివారు. భూమిలో అడ్డముగా చిల్లుల గొట్టములు పరచి ఆ తేటనీటినే ఒక బావిలోనికి చేర్చుట యను పద్ధతిని బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు తీర్చిదిద్దిరి. అద్దెకుండువానికి ఇందులో పనికివచ్చు సంగతి ఒకటి కలదు. ఇతర ప్రాంతములలో యజమాని 'మా బోరు చాల లోతండీ' యనిన సంతోషింపవలెను. ఇచ్చట ఆ మాట వినిన నీరు రుచి చూడవలెను.

తుపాను సంగతియు దాచరాదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. మేము ఇల్లు నిర్ణయించుటకు ముందు, ఆనాడు ఏ వీధిలో నీరు నిలిచినది, ఎన్నాళ్ళు నిలిచినది యని దుకాణదారులను అడిగితిమి. వారు గోడల మీద చేయి పెట్టి చూపిరి. తగ్గు వీధిలో చౌకగా వచ్చుచున్న ఇల్లు వదలి, కొంత యెక్కువ అద్దెకు మెరక వీధిలోని ఇల్లు తీసికొంటిమి. పొరుగున నున్న పెద్దమ్మగారు మాకు చేసిన మొదటి హితబోధ, బ్యాటరీతో పలుకు రేడియో ఒకటి ఇంట నుంచుకొనుడని.

2022 ఏప్రిలులో బాపట్ల జిల్లా కేంద్రమైనది. అందువలన ఆఫీసులు వచ్చినవి, ఇండ్లు వెదకువారిలో విద్యార్థులకు తోడు ఉద్యోగులును చేరిరి. ఇది మాకు అనుకూలమో ప్రతికూలమో ఇప్పటికిని తేల్చుకొనలేదు. అద్దె ప్రతి ఏటను కొంత కొంత పెరుగుచున్నది. కాని పిల్లలు సెలవులకు పోయినను మందుల దుకాణము తెరచియేయున్నది.

ఇక కాలేజి వలన మాకు కలిగిన లాభమేమి? నిజము చెప్పవలెననిన, అనుకొన్నంత లేదు. కాలేజి గ్రంథాలయములు విద్యార్థులవి. గేటు దగ్గరి కాపలాదారు పేరు వ్రాయించుకొని, పని యడిగి, చాలమారులు మర్యాదగానే వెనుకకు పంపును. బయటివారిని చేర్చుకొందురో లేదో ఊరు మారకముందే కనుగొనుట మేలు. మాకు అక్కరకు వచ్చినది ప్రభుత్వ గ్రంథాలయమే. మనము చెల్లించు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోవుచున్నదన్న సంగతి చాలమంది ఎరుగరు. కాలేజి పరోక్షముగా ఇచ్చినది మాత్రము తక్కువ కాదు. ఉపాధ్యాయుల కుటుంబములుండుటచే మంచి దంతవైద్యుడును, కంటివైద్యుడును ఊరిలో నిలిచిరి. మాలో ఒకరు వీధిలోని ఇద్దరు పిల్లలకు సాయంకాలము లెక్కలు చెప్పుచున్నారు. మోకాళ్ళ నొప్పి ఆ గంటసేపు జ్ఞప్తికి రాదట.

గుండెనొప్పి వచ్చినచో గుంటూరు దాదాపు ఏబది కిలోమీటర్లు. ఈ దూరమును ఏ చౌక అద్దెయు పూరింపలేదు. అద్దెలో మిగిలిన సొమ్మును మేము నెలనెల వేరుగా నుంచుచున్నాము, అర్ధరాత్రి కారు పంపగల ఇద్దరితో ముందే మాటలాడుకొంటిమి. గుండెజబ్బు ఇదివరకే యున్నవారు, పెద్ద ఆసుపత్రి గల ఊరినే, అద్దె కొంత యెక్కువైనను, ఎంచుకొనుట మంచిదని మా నిశ్చితాభిప్రాయము.

ఇల్లు కొనుడని మాకు చెప్పనివారు లేరు. నగరములో ఒక గది రాని సొమ్మునకు ఇచ్చట ఇల్లు వచ్చునను మాట విని మనసు చలించుట సహజము. కాని కొనునప్పుడు స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి వెలపై నూటికి ఏడున్నర రూపాయలు పోవును. ఊరు సరిపడక అమ్మినచో ఆ సొమ్ము తిరిగిరాదు. మా మొదటి ఊరిలో మేము అద్దెకుండక కొనియుండినచో ఏమయ్యెడిదో తలచుకొనుటకే భయము. అద్దె పత్రము సాధారణముగా పదునొకండు నెలలకు వ్రాయుదురు. ఆ పదునొకండు నెలలలో ఒక వేసవి, ఒక వానకాలము, ఒక కాలేజి తెరపు తప్పక వచ్చునట్లు చూచుకొని పత్రము వ్రాసికొనిన చాలును.

మా పత్రము వచ్చే నెలతో ముగియును. యజమానురాలు ఇల్లు అమ్మదలచి, మొదటి మాట మాకే చెప్పినది. మేము తులసికోట దగ్గర కూర్చుండి లెక్కలు వేసితిమి. వెల న్యాయముగనే యున్నది. నీరు తీయగానున్నది. అయినను ఇంకొక తుపాను కాలము చూచి చెప్పెదమంటిమి. ఆమె నవ్వి, పత్రము మరల వ్రాయించుకొని రండని చెప్పినది.