పో నది వెంట అసలు రుచుల అన్వేషణ

1957 ఏప్రిల్ 1వ తేదీ రాత్రి బి.బి.సి. టెలివిజన్ వారి 'పనోరమా' కార్యక్రమంలో ఒక విచిత్రమైన పంటకోత దృశ్యం ప్రసారమయింది. స్విట్జర్లండులోని టిచినో ప్రాంతంలో ఒక రైతు కుటుంబంవారు చెట్ల కొమ్మలనుంచి పొడవాటి స్పగెట్టీ పోగులను కోసి, బుట్టలకెత్తి, ఎండలో ఆరబెడుతున్నారు. ఆ ఏడు చలికాలం తీవ్రంగా లేకపోవడంవల్లా, పురుగు పీడ తొలగిపోవడంవల్లా దిగుబడి బాగున్నదని రిచర్డ్ డింబుల్బీ తన సహజ గాంభీర్యంతో వ్యాఖ్యానించారు. దాదాపు 80 లక్షలమంది చూసిన ఆ కార్యక్రమం ముగిసీ ముగియకముందే టెలిఫోన్లు మ్రోగసాగాయి. తమ పెరటిలో స్పగెట్టీ చెట్టును పెంచడం ఎలాగని కొందరు అడిగారు. టమాటా సాసు డబ్బాలో ఒక స్పగెట్టీ రెమ్మను గుచ్చి, ఫలితం కోసం ఆశతో ఎదురుచూడవలసిందని సమాధానం వచ్చింది!

ఏప్రిల్ మొదటి తేదీ వేళాకోళం అది. గోధుమపిండి ముద్దను సాగదీసి, ఆరబెట్టి చేసే పదార్థం చెట్టుకు కాస్తుందని నమ్మిన ఇంగ్లీషువారిని చూసి నవ్వుకోవడం సులభమే. కాని ఆనాటికి ఇటలీ ప్రజలకు మాత్రం తమ దేశపు వంటకాలన్నీ తెలుసునా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ అదే సంవత్సరం డిసెంబరులో ఇటలీ ప్రభుత్వ ప్రసార సంస్థ 'రాయ్' ఒక ధారావాహికను ప్రారంభించింది. 'స్వచ్ఛమైన ఆహారాలను వెదకుతూ పో లోయ వెంట యాత్ర' అని దాని పేరుకు అర్థం. 1958 ఆరంభం వరకు పన్నెండు భాగాలుగా సాగిన ఆ ధారావాహిక ఆ దేశపు టెలివిజన్ చరిత్రలో ఆహారాన్ని గురించిన తొలి యాత్రాకథనమని చరిత్రకారులు లెక్కిస్తారు. దాని సారథి మారియో సోల్దాతి.

ఆయన వంటవాడు కాదు. 1906లో టూరిన్ నగరంలో జన్మించిన సోల్దాతి నవలా రచయిత, చలనచిత్ర దర్శకుడు. 1954లో ఇటలీ సాహిత్యరంగంలో ఎంతో పేరుగల స్ట్రేగా బహుమతిని పొందారు. మీసాలతో, చుట్టతో తెరమీద కనిపించిన ఈ యాభై ఏళ్ళు దాటిన పెద్దమనిషి రైతుతోనూ, జాలరితోనూ, పూటకూటింటి యజమానితోనూ ఒకే చనువుతో మాట్లాడేవారు. విందు ముందుంటే తన ఆనందాన్ని దాచుకొనేవారు కారు. నలుపు తెలుపుల చిత్రంలో రంగు లేదు. ఏ టెలివిజన్‌కూ రుచి, వాసన లేవు. ఆ లోటును ఆయన ముఖమే తీర్చవలసివచ్చింది.

ఆనాటి పరిస్థితిని కొంత గుర్తుచేసుకోవాలి. ఇటలీలో టెలివిజన్ ప్రసారాలు క్రమబద్ధంగా ఆరంభమైనది 1954 జనవరి 3న. చాలా ఇండ్లలో ఇంకా టెలివిజన్ పెట్టె లేదు. ఊరి కాఫీ అంగడిలో కుర్చీలు వేసుకొని పదిమందీ కలిసి చూసేవారు. 1957 ఫిబ్రవరి 3న 'కరోసెల్లో' అనే వ్యాపార ప్రకటనల కార్యక్రమం మొదలై, కర్మాగారాలలో తయారై డబ్బాలలో, పొట్లాలలో వచ్చే సరుకును వినోదంతో కలిపి ఇంటింటి గడపలోకి తెచ్చింది. పో లోయలో కొత్త కర్మాగారాలు లేస్తున్నాయి. దక్షిణాదినుంచి కూలిజనం రైళ్ళలో ఉత్తరాదికి తరలివస్తున్నారు. ఒకే సంస్థ ఒకవైపు పొట్లాల తిండిని ప్రకటిస్తూ, మరొకవైపు కల్తీలేని తిండి ఎక్కడ మిగిలి ఉన్నదో వెదకడానికి ఒక రచయితను పంపడం చమత్కారంగా తోచవచ్చు. సోల్దాతి ఈ వైరుధ్యాన్ని దాటవేయలేదు. చేతిపనివారి వంటశాలలతోపాటు యంత్రాలు నడిచే కర్మాగారాలలోకీ ఆయన కెమెరా ప్రవేశించింది.

ఆయన ఎన్నుకొన్న మార్గం నది. మోన్వీజో పర్వత పాదంలోని పియాన్ దెల్ రె అనే చోట పుట్టి, 652 కిలోమీటర్లు తూర్పుగా ప్రవహించి, ఏడ్రియాటిక్ సముద్రంలో కలిసే పో నది ఇటలీలోకెల్లా పొడవైనది. దేశపటం మీద గీసిన రాష్ట్రాల సరిహద్దులకన్న ఎత్తు, తేమ, నేల, ఉప్పు వంటివి భోజనాన్ని ఎక్కువగా శాసిస్తాయని ఈ నది వెంట నడిచినవానికి తెలిసిపోతుంది. ఉదాహరణకు సముద్రమే లేని పియెమోంతె ప్రాంతపు ప్రసిద్ధ వంటకం 'బాన్యా కావుదా'. వెల్లుల్లిని, ఉప్పులో ఊరిన నెత్తళ్ళను ఆలివ్ నూనెలో కరిగేదాకా సన్నని సెగపై కాచి, ఆ వేడి ద్రవంలో కూరగాయల ముక్కలను అద్దుకొని తింటారు. అందులోని ముఖ్యవస్తువులైన నూనె, చేప కొండలకు అవతలి సముద్రతీరపు సరుకులు. ఉప్పు మోసుకొచ్చిన వర్తకుల వెంటే అవీ కనుమలు దాటి వచ్చాయి.

కొండ దిగగానే వెర్చెల్లి, నొవారా ప్రాంతాల వరిపొలాలు. ఇటలీ అంటే స్పగెట్టీయే అనుకొనేవారు ఇక్కడ ఆశ్చర్యపోక తప్పదు. యూరపు ఖండంలో అత్యధికంగా వరి పండించే దేశం ఇటలీయే. 1866లో పూర్తయిన కావూర్ కాలువ పో నీటిని ఈ మడులకు మళ్ళించింది. మిలాన్‌వారి కుంకుమపువ్వు రిసోత్తో, వెర్చెల్లివారు చిక్కుడు గింజలతో వండే పనీస్సా ఈ నేల బియ్యంతో చేసేవే. మన అన్నంవలె మెతుకు మెతుకూ విడివడితే అది రిసోత్తో కాదు. గింజలోని పిండి కరిగి చిక్కబడాలి, లోపల పలుకు మాత్రం మిగలాలి. ఈ పంట వెనుక 'మోందీనె' అనే స్త్రీల శ్రమ ఉన్నది. వేసవి ఆరంభంలో వేలాది స్త్రీలు ఇతర జిల్లాలనుంచి వచ్చి, మోకాటిలోతు నీటిలో వంగి కలుపు తీసేవారు, నాట్లు వేసేవారు. 1949లో జుసెప్పె దె సాంతిస్ తీసిన 'చేదు బియ్యం' చలనచిత్రం వారిని ప్రపంచానికి చూపింది. కలుపుమందులు, యంత్రాలు వచ్చిన తరువాత 1960 దశకంలో వారు పొలాలనుంచి కనుమరుగైనారు. వారి నడుములకు కలిగిన విశ్రాంతిని చూసి సంప్రదాయం నశించెనని విలపించడం న్యాయమేనా?

అసలు 'స్వచ్ఛమైన పాతకాలపు భోజనం' అనే మాటను ఈ లోయలో జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. పో మైదానపు పేద రైతుకు తరతరాలుగా నిత్యాహారం రిసోత్తో కాదు, మాంసమూ కాదు. పోలెంత, అనగా మొక్కజొన్న సంకటి. అమెరికా ఖండంనుంచి వచ్చిన మొక్కజొన్న పేదవాని కడుపు నింపింది. దానితోపాటు ఒక వ్యాధినీ తెచ్చింది. చర్మం పగిలి గరుకెక్కడం, విరేచనాలు, చివరకు మతిభ్రమణం దాని లక్షణాలు. గరుకు చర్మం అనే అర్థంలో దీనిని 'పెల్లాగ్రా' అన్నారు. నేడు ప్రపంచ వైద్యశాస్త్రమంతా వాడే ఆ పేరు ఈ లోయ రైతుల నోటి మాటే. మొక్కజొన్నలోని నయాసిన్ అనే విటమిన్‌ను శరీరం సులభంగా గ్రహించలేదు. మెక్సికో ప్రజలు గింజలను సున్నపు నీటిలో ఉడికించి ఆ దోషాన్ని పోగొట్టుకొన్నారు. యూరపువారు గింజను తెచ్చుకొన్నారే గాని వండే విధానాన్ని తెచ్చుకోలేదు. వ్యాధికి మూలం ఆహారంలోని లోపమేనని స్పష్టపడింది ఇరవయ్యో శతాబ్దంలోనే.

ఈ కథకు మన ప్రాంతంలో ఒక అనుబంధం ఉన్నది. దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారంగా బ్రతికే పేదలలో ఇదే వ్యాధి కనిపించగా, హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయానికి చెందిన సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియాలు 1960లో దానిపై పరిశోధన ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే ఆమైనో ఆమ్లం అధికంగా ఉండడానికీ ఈ వ్యాధికీ సంబంధమున్నదని వారు ప్రతిపాదించారు.

నది మధ్యభాగంలో పార్మా పరిసరాలు సంపన్నమైనవి. ఇక్కడి చీజ్ 'పార్మిజానో రెజ్జానో' తయారీని కొంత వివరంగా చెప్పుకోవాలి. సాయంత్రం పితికిన పాలను రాత్రంతా నిలువ ఉంచి, పైకి తేలిన మీగడను తీసివేస్తారు. వాటికి ఉదయపు చిక్కని పాలను కలిపి, గంట ఆకారపు పెద్ద రాగి కాగులలో వేడిచేస్తారు. లేగదూడ కడుపునుంచి తీసిన రెన్నెట్ వేయగానే పాలు గడ్డకడతాయి. (శాకాహార నియమంగల మన పాఠకులు ఈ విషయాన్ని గమనించాలి.) ఆ గడ్డను బియ్యపు గింజలంత చిన్న పలుకులయ్యేదాకా విరిచి, మళ్ళీ కాచి, ముద్దగా పైకి తీసి, రెండుగా కోసి అచ్చులలో పోస్తారు. సుమారు 550 లీటర్ల పాలకు దాదాపు 40 కిలోల చక్రం ఒకటి వస్తుంది. ఉప్పునీటిలో మూడు వారాలకు కొంచెం తక్కువగా నానిన తరువాత కనీసం పన్నెండు నెలలు అరలపై మాగాలి. అప్పుడు పరీక్షకుడు వచ్చి చిన్న సుత్తితో చక్రమంతటా తట్టి, చెవి ఒగ్గి వింటాడు. కుండను తట్టి చూసుకొనే మన ఇల్లాలికి ఈ విద్య కొత్త కాదు. లోపల పగులుంటే ధ్వనిలో తెలిసిపోతుంది. అటువంటి చక్రానికి ముద్ర పడదు.

ఇక్కడ ఏదీ వృథా కాదు. తీసిన మీగడ వెన్న అవుతుంది. మిగిలిన విరుగుడు తేట పందుల మేతకు పోతుంది. ఆ పందుల తొడ మాంసమే ఉప్పుపట్టి మాగించిన పార్మా హామ్. దానికి లాంగిరానో కొండల పొడిగాలి కావాలి. అదే మాంసపు మేలైన భాగాన్ని వేరుచేసి, పంది మూత్రాశయపు పొరలో చుట్టి, దారంతో బిగించి మాగించే 'కులతెల్లో'కు మాత్రం నది ఒడ్డున జిబెల్లో వంటి గ్రామాలలోని నేలమాళిగల తేమ కావాలి. చలికాలపు పొగమంచు లోనికి రావడానికి కిటికీలు తెరచి ఉంచుతారు. సామాన్యంగా రైతుకు శత్రువైన పొగమంచు ఇక్కడ పనివాడు.

పార్మా విశ్వవిద్యాలయంలోనే అల్బెర్తో గ్రాంది అనే ఆహార చరిత్రకారుడు సంప్రదాయ వాదులకు కొరకరాని కొయ్య అయినారు. నేడు ఇటలీ సంప్రదాయ వంటకాలుగా కీర్తింపబడేవాటిలో అనేకం రెండవ ప్రపంచయుద్ధం తరువాత రూపుదిద్దుకొన్నవేనని ఆయన వాదన. 2023లో ఒక ఇంగ్లీషు పత్రికతో ఆయన ఈ మాటలు చెప్పగా దేశంలో పెద్ద దుమారం రేగింది. ఆగ్రహించినవారు తొందరపడ్డారనే చెప్పాలి. రోము నగరపు 'కార్బొనారా'నే తీసుకొందాం. గుడ్డు, పంది దవడ మాంసం, గొర్రెపాల చీజ్ తప్ప మరొకటి కలిపితే అపచారమని రోమనులు అంటారు. కాని 1954 ఆగస్టులో 'లా కుచీనా ఇతాలియానా' పత్రిక అచ్చువేసిన విధానంలో వెల్లుల్లి ఉన్నది, స్విట్జర్లండు వారి గ్రూయేర్ చీజ్ ఉన్నది! అంతకు రెండేళ్ళ ముందే ఈ వంటకం అమెరికాలోని చికాగోలో ఒక పుస్తకంలో అచ్చయింది. అయినంత మాత్రాన గ్రాంది వాదమంతా అంగీకరించనక్కరలేదు. పార్మిజానోకు అనేక శతాబ్దాల లిఖిత చరిత్ర ఉన్నది. పెళ్ళెగ్రీనో ఆర్తూజి 1891లో తన సొంత ఖర్చుతో 475 వంటకాల పుస్తకం అచ్చువేసి, ఇటలీ ఇల్లాండ్రకు ఒక ఉమ్మడి వంటభాషను అందించారు. పాతదీ ఉన్నది, నిన్నటిదీ ఉన్నది. రెండింటినీ ఒకే పళ్ళెంలో వడ్డించి అంతా సనాతనమని చెప్పడంలోనే పొరపాటు.

సోల్దాతి తరువాత ఆ బాటలో ఎందరో నడిచారు. ఆయనే 1968, 1970, 1975 సంవత్సరాలలో కెమెరాను వదలి, కలంతో ద్రాక్షసారాయిల అన్వేషణకు బయలుదేరి మూడు యాత్రలను గ్రంథస్థం చేశారు. 2021లో అమెరికను నటుడు స్టాన్లీ టుచీ సి.ఎన్.ఎన్. కోసం చేసిన 'సెర్చింగ్ ఫర్ ఇటలీ' ధారావాహిక మంచి ఆదరణ పొంది ఎమ్మీ పురస్కారాలు గెలుచుకొన్నది. టుచీ పూర్వులు కలాబ్రియానుంచి వలసపోయినవారు. ఆయన దారి తెలియని కుమారునివలె వెదకుతారు; సోల్దాతి మాత్రం తన ఇల్లు అమ్ముడుపోతున్నదని తెలిసిన యజమానివలె గదులన్నీ తిరిగి చూశారు. టుచీ కార్యక్రమంలోని రంగులు కన్నులపండుగ. నోరూరించే శక్తిలోనూ అదే మేలు. తెలుసుకొనదగిన విషయం మాత్రం పాత నలుపు తెలుపులలోనే అధికం.

2025 డిసెంబరు 10న ఢిల్లీ ఎర్రకోటలో సమావేశమైన యునెస్కో సంఘం ఇటలీ వంటను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. అదే రోజున మన దీపావళికీ ఆ గౌరవం లభించింది. ఆ గుర్తింపు ఏ ఒక్క వంటకానికో కాదు. కలిసి వండుకొని, మిగిలినదానిని వృథా చేయక, కలిసి తినే అలవాటుకు.

సోల్దాతి యాత్ర సముద్రతీరపు డెల్టాలో ముగిసింది. 1951 నవంబరులో పో కట్టలు తెంచుకొని ముంచెత్తిన నేల అది. ఆ దాపుననే ఉన్న కొమాక్కియో పట్టణం ఆయనకు కొత్త కాదు. సోఫియా లోరెన్ నాయికగా 1954లో తాను దర్శకత్వం వహించిన 'నది స్త్రీ' అనే చలనచిత్రాన్ని అక్కడే తీశారు. అందులో ఆమె ఈల్ చేపలను డబ్బాలకెత్తే కర్మాగారపు కూలి. పామువలె పొడవుగా ఉండే ఈ చేప అట్లాంటిక్ మహాసముద్రపు దూరప్రదేశంలో పుట్టి, పిల్లగా ఉప్పుకయ్యలలోకి వచ్చి, ఏళ్ళ తరబడి పెరిగి, శరత్కాలపు చీకటి తుపాను రాత్రులలో తిరిగి సముద్రానికి బయలుదేరుతుంది. ఆ దారిలో జాలరులు రెల్లుతో, కొయ్యతో అల్లిన మావులు పన్ని పట్టేవారు. ముక్కలుగా కోసి, శూలాలకు గుచ్చి, వరుస పొయ్యిల ముందు కాల్చి, ఉప్పు కలిపిన వెనిగర్‌లో నిలువచేసేవారు. యూరపు ఈల్ జాతి 2008నుంచి తీవ్రంగా అంతరించిపోతున్న ప్రాణుల జాబితాలో ఉన్నది. తీరానికి చేరే పిల్లల సంఖ్య 1980కి పూర్వం ఉన్నదానిలో పదోవంతు కూడా లేదు. ఆ పొయ్యిలను ఇప్పుడు సందర్శకులు వచ్చి చూసి వెళుతున్నారు. కొమాక్కియో మాత్రం ప్రతి శరత్కాలంలోనూ ఈల్ ఉత్సవం జరుపుకొంటూనే ఉన్నది.