ఎడిట్ చేసిన ఫొటో అబద్ధమా?



"మేడమ్, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఫొటోలన్నీ ఎడిట్ చేసినవేనట. అయితే అబద్ధమేగా?" అని ఏడో తరగతి అబ్బాయి అడిగాడు. మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న రావచ్చు.

టెలిస్కోప్ తీసిన రా ఇమేజ్‌లో నక్షత్రాలతో పాటు కెమెరా లోపాలూ ఉంటాయి. అందుకే వెలుతురు పడకుండా మూసి, అంతే సమయం మరో ఫొటో తీస్తారు. అది డార్క్ ఫ్రేమ్. అందులోని చుక్కలు కెమెరావే కనుక అసలు ఫొటోలోంచి తీసివేస్తారు. నూనె తూచేటప్పుడు ఖాళీ డబ్బా బరువు తీసేసినట్టే! తర్వాత సమానమైన వెలుతురులో తీసిన ఫ్లాట్ ఫ్రేమ్‌తో భాగిస్తారు. ధూళి మచ్చలు, అంచుల్లోని చీకటి సరి అవుతాయి.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆస్ట్రోశాట్ కొద్దిగా కదులుతూ ఉంటుంది. అందుకే దాని అల్ట్రావయొలెట్ ఫ్రేములను జరిపి, నక్షత్రం మీద నక్షత్రం వచ్చేలా కలుపుతారు.

వెబ్ చూసేది ఎక్కువగా కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. అందుకే మనకోసం రంగులు తర్వాత వేస్తారు. కొలతలు తీసేది మాత్రం రంగులు వేయని డేటా నుంచే.

ఈసారి మీ పిల్లలు అడిగితే చెప్పండి: పెళ్లి ఫొటోకు మెరుగులు దిద్దడం వేరు, తూకం సరిచేయడం వేరు. "ఎడిట్ చేశారా?" అని అడిగి ఆగకుండా, "ఏం మార్చారు, ఎందుకు?" అని అడగడం నేర్పుదాం.