నావ ఎక్కుదామా, పంటు ఎక్కుదామా?



పట్నాల్లో కాపురాలు చేస్తున్న మనకి రేవు దాటే పని ఏ పండక్కో, మొక్కు తీర్చడానికో కోనసీమ వెళ్ళినప్పుడే పడుతుంది. నరసాపురం దగ్గర వశిష్ఠ దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్ళినవారికి ఆ సంగతి ఎరుకే. అలాంటి రేవులో నిలబడి "నావ ఎక్కుదామా, పంటు ఎక్కుదామా?" అని మావారిని అడిగితే "ఏది ముందు కదిలితే అది" అన్నారు. చంకన పిల్ల ఉన్నది ఆయనకి కాదు కదా!

పంటు అంటే రెండు పడవల్ని ఎడంగా పక్కపక్కన ఉంచి, అడ్డంగా దూలాలు బిగించి, పైన బల్లలు పరిచినది. ఇనపరేకుతో చేసినవీ ఉన్నాయి. మనుషులతోపాటు స్కూటర్లు, కార్లు కూడా ఎక్కుతాయి. అంత బరువున్నా ఎందుకు ఒరగదంటారా? కార్తీకంలో అరటిదొప్పలో దీపం వదులుతాం. ఒంటి దొప్ప చిన్న అలకే ఊగిపోతుంది. రెండు దొప్పల్ని జానెడు ఎడంగా పెట్టి, చీపురుపుల్లలు గుచ్చి కలిపి, నీళ్ళతొట్టిలో వేసి చూడండి. ఒక పక్క వేలితో నొక్కినా సులువుగా ఒరగదు. నొక్కినదాన్ని నీరు పైకి తోస్తుంది, దూరంగా ఉన్న రెండోది తన బరువుతో పట్టి ఉంచుతుంది.

అయితే పంటే మేలా అంటే, తొందరపడకండి. నావకి చుట్టూ అంచు లేచి ఉంటుంది, అడుగున కూర్చున్న పిల్లవాడు జారిపోడు. పంటు బల్లపరుపు. కమ్మీ ఉన్నా సందుల్లోంచి పసివాడు దూరిపోగలడు. నీళ్ళు చూడాలని అందరూ ఒకే అంచుకి చేరితే ఆ పక్క పడవలోకి నీరు ఎక్కవచ్చు. అందుకని నడిమధ్యన ఉండండి, బళ్ళ సందున మాత్రం వద్దు. కారులో వెళితే ఒడ్డునే దిగి నడిచి ఎక్కండి. అద్దాలు బిగించుకుని లోపల కూర్చోవడం మహా ప్రమాదం.

నావలో భయమంతా ఒరగడమే. ఒక్కరు లేచి నిలబడినా బరువు పైకి చేరి ఊగుతుంది. 2018 జులైలో పశువుల్లంక దగ్గర గోదావరి పాయలో, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి నావ తిరగబడింది. బడిపిల్లలు కొట్టుకుపోయారు. ఆ వార్త చదివిన పూట నాకు అన్నం సయించలేదు.

నా మట్టుకు నేను పిల్లలు, పెద్దవాళ్ళు, సామాను ఉంటే పంటే ఎక్కుతాను. గాలి లేని ఉదయం, పదిమందికి మించకపోతే నావకీ అభ్యంతరం లేదు. అంచుకీ నీటికీ మధ్య జానెడైనా లేదనిపిస్తే ఏదైనా సరే వదిలేస్తాను. ఎర్రనీరు పరవళ్ళు తొక్కుతుంటే రెండూ వద్దు, చుట్టు తిరుగుడైనా చించినాడ వంతెన మీదుగా వెళ్ళడమే.

ఇంకో మాట. లైఫ్ జాకెట్టు అడిగి తీసుకోండి. పెద్దవాళ్ళది పిల్లలకి తొడిగితే నీళ్ళలో తలమీంచి ఊడిపోతుంది. వాళ్ళ కొలతదే కావాలని, ఒడ్డున ఉండగానే అడగండి.